కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: 2024–25

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ బాగుచేయించాం. గేటు దగ్గరి కెమెరా ఇంకా పనిచేయట్లేదు. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. నేను చెప్పాల్సింది మెయిన్ రోడ్డు సంగతి.

మన రోడ్డును ‘స్మార్ట్ స్ట్రీట్’ చేస్తామని మునిసిపాలిటీవాళ్లు జులైలో మీటింగ్‌కు పిలిచారు. ‘స్టేక్‌హోల్డర్ల సంప్రదింపు’ అని బ్యానర్. గంటన్నర పాటు సుస్థిరం, సమ్మిళితం అంటుంటే నేనూ తలూపాను, దాచడమెందుకు. తెర మీద వేసిన బొమ్మలో బెంచీలున్నాయి, సైకిళ్లున్నాయి, గొలుసు కట్టిన కుక్కపిల్ల కూడా ఉంది. నిద్రగన్నేరు చెట్టు కింది ఇడ్లీ బండి మాత్రం లేదు.

ఆ బండి ఆవిడ పిలవకుండానే వచ్చి వెనక నిలబడింది. ‘‘అయ్యా, నా బండి ఉంటదా, తీసేస్తారా?’’ అని అడిగింది. ‘‘సమగ్రంగా పరిశీలిస్తాం’’ అన్నారు. రేపటికి పప్పు నానబోయాలో వద్దో ఆ జవాబుతో ఎలా తేలుతుంది?

తర్వాత కమిటీవాళ్లం కూర్చుని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చదివాం. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మనలాంటి కాలనీ సంఘాలకూ అందులో చోటుంది. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అందరికీ అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. అందుకే బండ్లు ఎన్ని ఉంచుతారు, ఎక్కడ ఉంచుతారు, పనులు జరిగేటప్పుడు వాళ్లెక్కడికి వెళ్లాలి అని మునిసిపాలిటీకి ఉత్తరం రాశాం. ‘సుందరీకరణ’ అన్న మాట లేకుండా జవాబివ్వమన్నాం. రసీదు వచ్చింది, జవాబు రాలేదు.

ఇది కొందరు సభ్యులకు నచ్చలేదు. ట్రాఫిక్, చెత్త బాధ నిజమే. బండ్లు వద్దనుకునేవాళ్లు వద్దనే చెప్పండి, మినిట్స్‌లో రాసుకుంటాం. ‘క్రమబద్ధీకరణ’ అంటే మాకు అర్థం కావట్లేదు.

ఆ ఉత్తరం చదువుతుండగా ఒకాయన, ‘‘మరి మన సంఘంలో అద్దెకున్నవాళ్లకు ఓటుందా?’’ అన్నారు. లేదు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది వాళ్లు, నీళ్లు రాని రోజు ట్యాంకర్ దగ్గర బిందెతో నిలబడేదీ వాళ్లే. బైలాలో మాత్రం ‘యజమాని’ అనే ఉంది. నీళ్లు, వాచ్‌మన్, మెయింటెనెన్స్ విషయాల్లో ఇంటి ఓటు అందులో ఉంటున్నవారిది, స్థలం, కట్టడాల విషయాల్లో యజమానిది అని సవరణ రాసి నోటీసు బోర్డులో పెట్టాం. సర్వసభ్య సమావేశంలో ఓటింగ్. అద్దెకున్నవాళ్లనూ పిలిచాం, కుర్చీలు చాలవు, వీలైనవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి.

– కార్యదర్శి