రమణకి ఉత్తరం: బడ్జెట్‌లో మొదటి గడి

విశాఖపట్నం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం చేరింది. కాలనీ సంఘం వాళ్లు కార్పొరేషన్ బడ్జెట్ పుస్తకం నీ చేతిలో పెట్టి "దీని మీద మన తరఫున నాలుగు మాటలు రాసివ్వండి" అన్నారటగా. పుస్తకం విప్పితే అన్నీ అంకెలే, ఎక్కడ పట్టుకోవాలో తెలియట్లేదని రాశావు. తాపీగా కూర్చుని చదువు, ఇది కొంచెం పొడుగు ఉత్తరమే.

ముందు గడుల సంగతి. ప్రతి పద్దు ఎదురుగా నాలుగు అంకెలుంటాయి. పోయినేటి అసలు లెక్క, ఈ ఏటి బడ్జెట్, ఈ ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి బడ్జెట్. పేపర్లో పెద్దక్షరాలతో వచ్చేది నాలుగోది. కౌన్సిల్లో అరుచుకునేదీ దాని గురించే. నువ్వు మాత్రం మొదటి గడి దగ్గర మొదలెట్టు. పాత బడ్జెట్ పుస్తకం ఒకటి సంపాదించి, అదే ఏడాదికి మొదట ఏమని రాశారో పక్కన వేసుకో. వస్తాయని రాసింది 100, సవరించాక 85, లెక్క తేలేసరికి వచ్చింది 70, అయినా కొత్త పుస్తకంలో 115 అని ఉంటే, ఆ 115 మీద చర్చ పెట్టడం దండగ.

దీన్ని కొలవడానికి ఒక పద్ధతుంది. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఐరోపా కమిషన్, మరికొన్ని దేశాలు కలిసి 2001లో మొదలెట్టిన పెఫా అది, ప్రభుత్వాల డబ్బు నిర్వహణకి గ్రేడులు వేస్తుంది. 2016 నాటి రూపంలో 31 సూచికలున్నాయి. వాటిలో మొట్టమొదటిదే ఇది: బడ్జెట్‌లో రాసిందెంత, ఖర్చయిందెంత. మూడేళ్లలో కనీసం రెండేళ్లు ఖర్చు 95 నుంచి 105 శాతం మధ్య ఉంటే ఏ గ్రేడు. 90 నుంచి 110 అయితే బి, 85 నుంచి 115 అయితే సి, అదీ దాటితే డి. కాలిక్యులేటరుంటే పది నిమిషాల పని. మీ సంఘం కాగితంలో మొదటి పేరా ఇదే పెట్టు.

మరి ఎక్కువ ఎందుకు రాస్తారంటావా? మన జీవీఎంసీలో, అంటే విశాఖ కార్పొరేషన్లో, 98 వార్డులు. ఏ ఊళ్లోనైనా ప్రతి కార్పొరేటరుకీ ఓ రోడ్డు, ఓ కాలువ, ఓ కమ్యూనిటీ హాలు కావాలి. కాదంటే గొడవ, అవునంటే లోటు. లోటు చూపించకూడదు కాబట్టి ఆదాయం వైపు అంకె లాగుతారు. ఖర్చు ముందు తేల్చేసి, దానికి సరిపడా రాబడి రాయడమన్నమాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

నూరు రూపాయల పనులు మంజూరయ్యాయి, డెబ్భయ్యే వచ్చాయి అనుకో. జీతాలు ఆపలేరు, కరెంటు బిల్లు ఆపలేరు, అప్పు వాయిదా అసలే ఆపలేరు. కోత పడేది మరమ్మతుల మీదా, కాంట్రాక్టరు బిల్లు మీదా. కాంట్రాక్టరు వడ్డీకి తెచ్చి పని చేసినవాడు. బిల్లు ఏడాది ఆలస్యమైతే ఆ వడ్డీ తర్వాతి టెండరులో కలిపేసుకుందామనుకుంటాడు. కానీ మన రాష్ట్రంలో 2003 నుంచి ఎస్టిమేట్ మీద 5 శాతం దాటి కోట్ చేస్తే చెల్లదు. అందుకని ఏం చేస్తాడు? టెండరే వెయ్యడు. ఒకటో పిలుపుకి ఎవరూ రారు, రెండో పిలుపుకీ రారు, ఆఖరికి తెగించినవాడొకడు వస్తాడు. వాడు మిగుల్చుకునేది పనిలోనే. 150 మిల్లీమీటర్ల మందం ఉండాల్సిన సిమెంటు రోడ్డు 120కి దిగుతుంది. మీ వీధి రోడ్డు రెండేళ్లకే పెచ్చులూడిందంటే మేస్త్రీని తిట్టే ముందు రాబడి పేజీ ఓసారి చూడు.

దీనికి మందు కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుంటారు చాలామంది. రాష్ట్రంలో 2018 నుంచి, ప్రభుత్వ బిల్లులూ చెల్లింపులూ ఆన్‌లైన్లో నడిపే సీఎఫ్‌ఎంఎస్ నడుస్తోంది, బిల్లు ఏ మెట్టు మీద ఆగిందో తెలుస్తుంది, మంచిదే. కానీ బిల్లు పుట్టాక పట్టుకుంటే ఏం లాభం? అప్పటికే పని అయిపోయింది, బాకీ పుట్టేసింది. పట్టుకోవలసింది అగ్రిమెంటు మీద సంతకం పడే ముందు. ఈ పనికి ఈ పద్దులో ఇంత సొమ్ము పక్కన పెట్టాం అని నంబరు పడ్డాకే వర్క్ ఆర్డరు బయటికి రావాలి. నంబరు లేని పనికి బిల్లు తీసుకోకూడదు. మాట చిన్నదే గానీ దీన్నొప్పించడం మహా కష్టం, ఎందుకంటే శంకుస్థాపనలు తగ్గిపోతాయి.

ఇప్పుడు రాబడి. అక్కడ నువ్వు అడగాల్సిన కాగితం పేరు డీసీబీ. అంటే డిమాండు, వసూలు, నిల్వ. దాంట్లో పాత బకాయి వేరు, ఈ ఏటి డిమాండు వేరు. రెండూ కలిపి ఒకే శాతం చెబితే ఒప్పుకోకు. ఈ ఏటిది 90 శాతం వసూలై, పాతది 10 శాతమే కదిలితే జబ్బు ఒకటి. ఈ ఏటిదే 60 దగ్గర ఆగితే జబ్బు ఇంకొకటి. పాత బకాయిలో కోర్టు కేసులెన్ని, ప్రభుత్వ కార్యాలయాల బాకీ ఎంత, అసలు ఇల్లే కనబడని అసెస్‌మెంట్లెన్ని, విడదీసి అడుగు. ఒక ఇంటికి రెండు నంబర్లు పడటం, కూలగొట్టిన ఇంటికి ఏటా డిమాండు పుట్టడం ప్రతి మునిసిపాలిటీలోనూ ఉండేదే. అవి తీసెయ్యకపోతే డిమాండు ఉత్తుత్తినే ఉబ్బుతుంది, బడ్జెట్లో రాబడీ దాంతోపాటే ఉబ్బుతుంది.

ఇంకోటి, వడ్డీ మాఫీ. బకాయి మీద నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది. మార్చి వచ్చేసరికి మాఫీ అంటారు. ఆ నెల వసూళ్లు బాగానే ఉంటాయి, కానీ టైముకి కట్టినవాడు వెర్రివాడైపోతాడు. వచ్చే ఏడు వాడూ మార్చి దాకా ఆగుతాడు. నన్నడిగితే, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా కడితే ఇచ్చే 5 శాతం తగ్గింపే నయం. డబ్బు ఏడాది మొదట్లోనే చేతికొస్తుంది, ఎండాకాలం పనులకి అక్కరకొస్తుంది.

2021-22 నుంచి మన దగ్గర ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కకడుతున్నారు కదా. దాని మీద తగువు పక్కన పెడితే, వెనకాల ఉన్న లెక్క తెలుసుకోవాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా దేశంలోని స్థానిక సంస్థలకి 4,36,361 కోట్లు సిఫారసు చేసింది, అందులో పట్టణాల వాటా 1,21,055 కోట్లు. పట్టణాలు ఆ డబ్బు తీసుకోవడానికి షరతులు పెట్టింది: ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలి, ఆస్తి పన్నుకి కనీస రేటు ప్రకటించాలి, ఆ తర్వాత పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగినంతైనా పెరగాలి. విశాఖలాంటి పది లక్షలు దాటిన నగరాలకైతే మొత్తం సొమ్ము గాలి నాణ్యత, మంచినీళ్లు, పారిశుద్ధ్యం ఫలితాలకే ముడిపెట్టింది. అందుకని గ్రాంటు పద్దు చూసినప్పుడు "షరతు తీరిందా?" అని అడక్కుండా ఆ అంకె నమ్మకు.

రాబడి పేజీలో ఇంకో మాయ ఉంది. లేఅవుట్ల క్రమబద్ధీకరణ ఫీజు, స్థలాల వేలం లాంటివి ఒక్కసారి వచ్చే డబ్బు. ఓ ఏడాది బాగా వచ్చింది కదాని వచ్చే ఏడూ అంతే రాస్తారు. పెద్దాయన పొలం అమ్మిన డబ్బు నెలజీతంలో కలిపినట్టు! అలాంటి పద్దుల పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని, అవి తీసేసి మళ్లీ కూడు. జీతాలకీ కరెంటుకీ అప్పు వాయిదాలకీ మిగిలినది సరిపోతుందా లేదా, అదే అసలు ఆరోగ్యం.

రాష్ట్ర బడ్జెట్ పుస్తకం కూడా తిరగేస్తానన్నావు కాబట్టి చిన్న కిటుకు. పద్దు నంబరులో మొదటి అంకె చూడు. 0, 1 అయితే ఆదాయం. 2, 3 రోజువారీ ఖర్చు. 4, 5 ఆస్తులు కట్టే ఖర్చు. 6, 7 అప్పులు. 8 ప్రజా ఖాతా, అంటే పీఎఫ్, డిపాజిట్ల లాంటి, ప్రభుత్వం దగ్గర దాచిన సొమ్ము. రోడ్ల మరమ్మతు 3054, కొత్త రోడ్డు 5054. మరమ్మతుకి డబ్బు లేకుండా కొత్త రోడ్డుకి మాత్రం ఉంటే ఆ రోడ్డు ఎన్నాళ్లుంటుందో నీకే తెలుసు. 8443 దగ్గర కాస్త ఆగు, పీడీ ఖాతాలు, అంటే అధికారుల పేరిట సొమ్ము జమచేసే డిపాజిట్ ఖాతాలు, అక్కడే ఉంటాయి. మార్చి 31న సొమ్ము అక్కడికి మారిస్తే పుస్తకంలో ఖర్చయిపోయినట్టే, పని మాత్రం మొదలై ఉండదు. ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ నివేదికల్లో తరచూ కనబడే మాటే ఇది.

సరే, అంకెలు చాలు, గెడ్డలోకి, అంటే వాననీరు పోయే వాగులోకి దిగుదాం. మన ఊరికి గెడ్డలే ప్రాణం, గెడ్డలే గండం. కొండ మీద పడ్డ వాన గంటలో సముద్రం చేరాలి, మధ్యలో పూడిక ఉంటే ఇళ్లలోకి వస్తుంది. పూడికతీత ఏ పద్దులో ఎంత రాశారన్నదానికంటే ఎప్పుడు రాశారన్నది ముఖ్యం. బడ్జెట్ మార్చిలో తేలి, ఎస్టిమేట్ ఏప్రిల్లో మొదలై, టెండరు, అగ్రిమెంటు అయ్యేసరికి జూన్. వానలు దిగాక పొక్లెయిన్ దింపితే తీసిందెంతో కొట్టుకుపోయిందెంతో దేవుడికే ఎరుక. జనవరిలో ఎస్టిమేట్, ఏప్రిల్ మొదటి వారంలో పని మొదలు, మే నెలాఖరుకి కొలత. ఈ మూడు తేదీలూ బడ్జెట్ నోట్‌లోనే రాయమను.

కొలత ఎలా తీస్తారో కూడా తెలుసుకో. పని మొదలెట్టే ముందు కల్వర్టు మీద ఓ గుర్తు పెట్టుకుని, ప్రతి పది మీటర్లకీ అడ్డంగా లెవెల్స్, అంటే నేల ఎత్తు కొలతలు, తీసుకోవాలి. పని అయ్యాక అవే చోట్ల మళ్లీ. తేడాయే పూడిక. 500 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున 60 సెంటీమీటర్ల పూడిక అంటే 1,800 ఘనపు మీటర్లు. తవ్వాక మట్టి వదులై పావు వంతు పొంగుతుందనుకుంటే 2,250. ఆరు ఘనపు మీటర్ల టిప్పరయితే 375 ట్రిప్పులు. ఇంజనీరు కొలతలు రాసే ఎం-బుక్‌లో 1,800 ఉండి ట్రిప్ షీట్లు 150 కనబడితే అడగాల్సిన ప్రశ్న నీకు దొరికినట్టే. లెవెల్స్ తియ్యకుండా ట్రిప్పుల మీదే బిల్లు పెడితే ఇంకా చేటు, ఎందుకంటే పొంగిన మట్టికి డబ్బిస్తున్నారన్నమాట.

తర్వాత లీడ్, అంటే ఎంత దూరం మోసుకెళ్లారన్న చార్జీ. గాజువాక నుంచి కాపులుప్పాడ డంపింగ్ యార్డంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి. లీడ్ అక్కడికని రాసి మట్టి పక్క ఖాళీ స్థలంలో పోస్తే మోత డబ్బు ఊరికే పోయినట్టు. యార్డు దగ్గర వే బ్రిడ్జి చీటీ లేని ట్రిప్పుకి బిల్లు ఇవ్వకూడదని షరతు పెడితే సగం గొడవ తీరుతుంది. పూడిక నీరు ఓడటానికి ఒకట్రెండు రోజులు గట్టు మీద ఉంచడం తప్పు కాదు. వారం దాటితే మొదటి వానకే అదంతా మళ్లీ గెడ్డలోకే!

అప్పుల గురించి అడిగావు. 2018లో జీవీఎంసీ 80 కోట్లకి బాండ్లు అమ్మింది. నా లెక్కలో బాండు మంచిదే, బాండు కొన్నవాడు లెక్కలు అడుగుతాడు, రేటింగు వాళ్లు అడుగుతారు. మనం అడిగితే రాని ఆడిట్ వాళ్లడిగితే వస్తుంది. అయితే ఎస్క్రో షరతు, అంటే వసూలైన పన్ను ముందు విడి ఖాతాలో పడి అప్పు వాయిదా పోయాకే మిగతాది చేతికొచ్చే ఏర్పాటు, ఉంటే పన్ను వసూలులో మొదటి ముద్ద వాళ్లదే, అందుకని ఆ వాయిదా తీసేశాకే మిగతా పనులకి ఎంతుందో చూడు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఊరిని ఊడ్చేశాక వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీకి మార్చిన పద్ధతి వేరు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ పెట్టుబడి పెట్టింది, కరెంటు ఆదాలోంచి వాయిదాలు. అలాంటి ఒప్పందాల్లో చూడాల్సింది ఒకటే, ఆదా ఎంతని ఎవరు కొలుస్తున్నారు, ఏ మీటరు మీద.

బయటి దేశాల ముచ్చట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ఉగాండాలో 1990ల మొదట్లో బడులకి కేంద్రం ఇచ్చిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరుతోందని సర్వేలో తేలింది. ఆ తర్వాత ఏ జిల్లాకి ఎంత పంపారో పేపర్లలో వేశారు, బడి గోడ మీద అంటించారు. చేరేది బాగా పెరిగింది. పెరగడానికి పేపరొక్కటే కారణం కాదని వాదించేవాళ్లూ ఉన్నారు, నాకూ అది సబబనే అనిపిస్తుంది. పై నుంచి తనిఖీలూ గట్టిపడ్డాయి కదా. కానీ గోడ మీద కాగితం ఖర్చెంత చెప్పు?

మన దగ్గర దానికి చట్టం ఉండనే ఉంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4 ప్రకారం బడ్జెట్, ఖర్చు, చెల్లింపుల వివరాలు ఎవరూ అడక్కుండానే బయట పెట్టాలి. పెట్టకపోతే పది రూపాయల దరఖాస్తు, ముప్పై రోజుల గడువు. "మా వార్డులో జరిగిన పనుల వివరాలు" అని రాస్తే కట్టలు కట్టి చూసుకోమంటారు. పని పేరు, ఎస్టిమేట్ విలువ, అగ్రిమెంటు తేదీ, ఎం-బుక్ నంబరు, చెల్లించింది, చెల్లించాల్సింది, ఈ ఆరు గడులతో ఖాళీ పట్టిక నువ్వే గీసి, మూడు ఆర్థిక సంవత్సరాలకి నింపి ఇమ్మని జత చెయ్యి. "చెల్లించాల్సింది" గడి మాత్రం మర్చిపోకు, పెండింగు బిల్లులు బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా కనబడవు.

కౌన్సిల్ మీద నీ చిరాకు అర్థమైంది గానీ, 2012 నుంచి 2021 దాకా ఊరికి కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారులే బడ్జెట్ ఖాయం చేశారు. అరిచేవాళ్లుండటమే నయం. వాళ్లలో ఒకరికి నీ పట్టిక ఇచ్చి చూడు, సభలో చదువుతారేమో.

ముందు డీసీబీ సంపాదించు. దొరగ్గానే ఆ పేజీ ఫొటో తీసి పంపు, పాత బకాయి విడదీశారో లేదో ఇద్దరం కలిసి చూద్దాం. అన్నట్టు మీ ఇంటి పన్ను ఏప్రిల్ 30 లోగా కట్టెయ్యి, పోయినేడు ఆ 5 శాతం పోగొట్టుకున్నావని వదిన చెప్పింది.

నీ
శ్రీను