పాలు పలచబడిన సంగతి: మా వాడిక ఇళ్లవారికి

ఈమధ్య మా మేకపాలు పలచగా వస్తున్నాయని చాలామంది ఫోన్లు చేశారు. నిజమే, వస్తున్నాయి. కాఫీలో తేడా తెలుస్తోందన్నారు, పనీరు తక్కువ దిగుతోందన్నారు. అడిగే హక్కు మీకుంది, వాటికి నాకు కోపం లేదు. కానీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ‘కాటన్ దొర పుణ్యమా అని కోనసీమలో నీళ్లకు కొదవేముంది’ అని పెట్టారు. దాని కింద నవ్వు బొమ్మలు. మా నాన్నగారి హయాం నుంచి పాలు పోస్తున్న ఇళ్లవాళ్లు కూడా నవ్వారు చూడండి, అదీ బాధ.

కాబట్టి ముందు నీళ్ల సంగతే తేల్చేద్దాం. నీళ్లు కలిస్తే పాల సాంద్రత చూపే లాక్టోమీటర్ రీడింగ్ పడిపోతుంది, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాకుండా ఉండే మిగతా ఘనపదార్థం) కూడా పడిపోతుంది. వెన్న తగ్గితే అలా కాదు. పాలలో తేలికైనది వెన్నే గనుక అది తగ్గితే రీడింగ్ కాస్త పెరుగుతుంది. మా పాలలో రీడింగ్ పెరిగింది, ఎస్ఎన్ఎఫ్ ఎప్పటిలాగే ఉంది, ఫ్యాట్ ఒక్కటే జారింది. తెల్లవారుజామున పాలు పితికే వేళకు ఎవరైనా రావచ్చు. ఆ దొరగారిని తలుచుకున్నాయన లాక్టోమీటర్ తనదే తెచ్చుకుంటే మరీ మంచిది.

మొదట నేను మేత అనుకున్నాను. మేక తిన్న పీచు పొట్టలో పులిసి ఎసిటేట్ అవుతుంది, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం లాంటిది. దాంతోనే పొదుగు సొంతంగా చిన్న కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకుంటుంది, మేకపాలకు ఆ వాసన వచ్చేది వాటివల్లే. మిగతా కొవ్వు రక్తంలోంచి తీసుకుంటుంది. వరదకు లంకల్లో గడ్డి పోయి పీచు తగ్గిందేమోనని వరిగడ్డి, అవిశ ఆకు పెంచాం, దాణా తగ్గించాం. ఏమీ మారలేదు. అప్పుడు ఒక్కో మేక పాలు విడిగా పట్టి చూశాం. ఒకే పాకలో, ఒకే మేత తిని, ఇంచుమించు ఒకేసారి ఈనిన వాటిలో పాత జమునాపారి జాతి మేకల ఫ్యాట్ నాలుగు శాతానికి పైనే ఉంది. మొదటి ఈత ఆడమేకలవి మూడు దాటడం లేదు. ఆ పలచ పాలిచ్చేవన్నీ ఒకే పోతు కూతుళ్లు.

ఆ పోతు సంగతి చెప్పాలి. సానెన్ కలిసినదని, పాలు బాగా పెరుగుతాయని ఒక వ్యాపారి అమ్మాడు. సానెన్ స్విట్జర్లాండ్ జాతి, పాలు ఎక్కువ, వెన్న తక్కువ అని అందరికీ తెలుసు. అందుకే ఆ పోతు తల్లి పాలలో ఫ్యాట్ ఎంతని నేను పట్టుబట్టి అడిగాను. కాగితం మీద 4.8 అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. పోతు పాలివ్వదు కదా, దానిలో ఏముందో తల్లిని చూసో కూతుళ్లను చూసో తెలుసుకోవాలి. అందుకే ఆ ఒక్క అంకెకు అంత డబ్బు పెట్టాం. ఇప్పుడు ఫోన్ చేసి తల్లి రికార్డు చూపించమంటే, ‘అప్పుడు మెషిన్ లేదండీ, ఉజ్జాయింపుగా వేశాం’ అన్నాడు. ఉజ్జాయింపుకు దశాంశ బిందువు కూడానా!

ఇది చిన్న విషయం కాదు. పాల పరిమాణం కన్నా వెన్న శాతమే ఎక్కువగా వారసత్వంలో దిగుతుంది. కొవ్వు తయారీలో చివరి మెట్టు డీజీఏటీ1 అనే జన్యువు చేతిలో ఉంటుంది. మూడో కొవ్వు ఆమ్లాన్ని అతికించి పాలకొవ్వుగా పూర్తి చేసే ఎంజైమ్ దానిదే. ఫ్రాన్సులో సానెన్, ఆల్పైన్ మేకల్లో ఆ జన్యువులోనే వెన్న శాతాన్ని తగ్గించే రెండు మార్పులు ఉన్నట్టు 2017లో ప్రచురించారు. ఆల్ఫా ఎస్1 కేసీన్ అనే పాల ప్రొటీన్‌ను తయారు చేయించే జన్యువు బలహీన రూపంలో ఉన్నా అంతే, ప్రొటీన్‌తో పాటు వెన్న కూడా తగ్గుతుంది, పనీరు దిగుబడి పడిపోతుంది. మా పోతుకు జన్యు పరీక్ష చేయించలేదు కాబట్టి ఫలానా జన్యువని ముద్ర వేయను. కూతుళ్ల పాలు చూశాక నాకు ఆ పరీక్షతో పని లేదు.

అసలు నలిగిపోయింది పోతును ఏం చెయ్యాలన్న దగ్గర. మెట్టప్రాంతం నుంచి ఒకాయన వచ్చి కూతుళ్ల పొదుగులు చూసి, మేం కొన్న ధరకే పోతును తీసుకుంటానన్నాడు. లీటర్ల మాటకొస్తే ఆ పోతు మోసం చెయ్యలేదు, కూతుళ్లు పాత మేకల కన్నా బాగానే ఇస్తున్నాయి. ‘ఆయన ఫ్యాట్ అడగలేదుగా, మీరెందుకు చెప్పడం’ అంది మా ఆవిడ. ఆవిడ అన్నదాంట్లోనూ న్యాయం ఉంది, పాక కప్పు మార్చడానికి తెచ్చిన అప్పు ఇంకా అలాగే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి అంకెలన్నీ చెప్పాను. ఆయన ఆలోచిస్తానని మళ్లీ ఫోన్ ఎత్తలేదు. చివరికి కోతకు ఇచ్చేశాను, వచ్చింది కొన్నదాంట్లో నాలుగో వంతు. ఆ వ్యాపారి చేసిన పని నేను ఇంకొకరికి చెయ్యలేను, అంతే. తెలివితక్కువ పని అని ఊళ్లో అంటున్నారు, అననివ్వండి.

కూతుళ్లను అమ్మడం లేదు. తల్లి ఫ్యాట్ మా కళ్ల ముందు మెషిన్‌లో చూసి తెచ్చిన జమునాపారి పోతుతో దాటిస్తున్నాం. చూడి ఐదు నెలలు, పుట్టిన పిల్ల పెరిగి ఈనడానికి ఏడాదిన్నర. అంటే మంద మొత్తం మీద చిక్కదనం తిరిగి రావడానికి రెండేళ్లు పడుతుంది, ఈలోగా వచ్చేస్తుందని చెప్పను. గేదె మీగడ కలిపి నాలుగు చూపించమని సలహా ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఆ పని మా పాకలో జరగదు.

సోమవారం నుంచి రెండు రకాల క్యాన్లు వస్తాయి. ఆకుపచ్చ మూత పాత మేకల పాలు, పాత ధరే. తెల్ల మూత పలచ పాలు, లీటరుకు 20 రూపాయలు తక్కువ. ఏది కావాలో అబ్బాయికి చెప్పండి, ఆకుపచ్చది చాలకపోతే పాత వాడికవాళ్లకే ముందు. పనీరు ఆకుపచ్చ క్యాన్ పాలతోనే చేస్తాం కాబట్టి పెళ్లిళ్ల ఆర్డర్లు ఈ ఏడాది తీసుకోవడం లేదు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు ఈ వారంలో తిరిగి ఇచ్చేస్తాం.