శనివారం కాస్త తీరిక చేసుకుని రండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షలు అయిపోయాయి, పేపర్లు దిద్దుతున్నాం. మార్కుల సంగతి శనివారం సమావేశంలో ఎటూ వస్తుంది కాబట్టి, ఈ నెల లేఖలో దాని జోలికి పోను.

సాయంత్రం గేటు దగ్గర నిలబడితే నాకు ఎక్కువగా వినపడే మాట ‘బిన్నా రా’. వెనకాలే హారన్లు. ట్యూషన్‌కు టైమవుతోంది, ఏడురోడ్ల కూడలి దగ్గర ఇరుక్కుంటే అరగంట పోయినట్టే. మీ తొందర నాకు అర్థం కాక కాదు. అయినా మొన్న చూసిన ఒక సంగతి చెప్పాలి.

నాలుగో తరగతి పిల్లవాడొకడు వరండా చూరు కింద, వాన తడి తగలని మట్టి దగ్గర గొంతుకూర్చున్నాడు. అక్కడ గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలుంటాయి, మీలో చాలామంది చిన్నప్పుడు వాటితో ఆడుకునే ఉంటారు. అడుగున ఒక పురుగు దాక్కుని ఉంటుంది. చీమ జారిపడి పైకి ఎక్కబోతే, ఆ పురుగు కింద నుంచి మట్టి ఎగజల్లుతుంది. చీమ మళ్లీ జారుతుంది. పిల్లవాణ్ని తీసుకుపోవడానికి వచ్చిన తాత ఒకసారి పిలిచాడు. వాడు పలకలేదు. ఆయన ఇంకోసారి పిలవలేదు, సంచీ పక్కన పెట్టి తానూ మెట్టు మీద కూర్చున్నాడు. చీమ తప్పించుకున్నాకే ఇద్దరూ లేచారు. ఆ రోజు మా బడిలో జరిగిన మంచి పాఠాల్లో అదొకటని నా లెక్క, దాన్ని చెప్పింది మా టీచర్లెవరూ కాకపోయినా.

ఏడో తరగతి సైన్సు క్లాసులో ఈ నెల కలివికోడి గురించి చెప్పారు. మన కడప జిల్లా పక్షి గదా, మన పిల్లలకే తెలియకపోతే ఎట్లా? 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దీన్ని గుర్తించాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోవడంతో ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవి వైపు ఒక స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో చూసి పట్టుకున్నాడు. ఇది పగలు ముళ్లపొదల నీడన కదలకుండా ఉంటుంది, రంగు చూస్తే మట్టి రంగే. అందుకే తర్వాత వచ్చిన పరిశోధకులు అడవిలో మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే దాని మీద పడిన కాలిగుర్తులు చూసుకుంటూ వెతికారు. పక్షి కోసం కాదు, దాని అడుగుల కోసం రోజుల తరబడి కాచుకోవడమన్నమాట! పిల్లలకు అన్నిటికంటే అదే నచ్చింది.

ఆ పాఠం తర్వాత ఏడో తరగతి వాళ్లను వారానికి ఒక పీరియడ్‌లో 10 నిమిషాలు వేపచెట్టు కింద ఊరికే కూర్చోబెడుతున్నాం. చూసింది, విన్నది నోటుపుస్తకంలో రాయాలి. మొదటి వారం చాలామంది ‘ఏమీ లేదు’ అని రాశారు. ఒకమ్మాయి మాత్రం వాన వెలిసినాక పాలకొండలు దగ్గరికి జరిగినట్టు కనపడుతున్నాయని రాసింది. ఇప్పుడు పేజీ చాలడం లేదంటున్నారు. ‘బోర్ కొడుతోంది సార్’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు, ఉండనీండి. బోర్ కొట్టిన ప్రతిసారీ చేతికి ఫోన్ ఇస్తే, ఆ తర్వాత వచ్చే ఆలోచన వాళ్లదాకా రాదు. ఇంట్లో మీరూ ఈ ఒక్క విషయంలో కొంచెం ఓర్చుకోండి.

ఇంకో మార్పు భోజనం గురించి. సగం తిన్న డబ్బాలు తిరిగి ఇంటికి వస్తున్నాయని మీలో కొందరు అడిగారు. గ్రౌండ్‌కు పరిగెత్తే తొందరలో పిల్లలు నాలుగు ముద్దలు మింగి లేచిపోతున్నారు. అందుకని ఈ నెల నుంచి మధ్యాహ్న విరామం 10 నిమిషాలు పెంచాం, మొదటి 20 నిమిషాలు ఎవరూ లేవకూడదు. మంగళవారం ఐదో తరగతిలో ఒక డబ్బాలోని ఊరిబిండి పచ్చడి బెంచి మొత్తం తిరిగింది. ఆ తల్లి ఎవరోగానీ, కొంచెం ఎక్కువ పెట్టి పంపమని పిల్లలు నాతో చెప్పి పంపారు.

శనివారం ఉదయం పదింటికి సమావేశం. ఈసారి వరుస మార్చాం. ముందు మీ పిల్లవాడో, అమ్మాయో తన నోటుపుస్తకంలోంచి ఒక పేజీ మీకు చదివి వినిపిస్తారు. వినడం అయ్యాకే ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తాం. దయచేసి బయట బండి స్టార్ట్ చేసి పెట్టి రావద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
కడప