బెంగళూరు హాస్టల్లో ఉన్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

రిపోర్టులు బాగున్నాక కూడా రోజూ ఈ మాత్ర ఎందుకు నాన్నా అని ఫోన్లో అడిగావు. నీ పక్కన రూమ్మేట్లు ఉన్నారని ఏమీ చెప్పలేదు. అందుకే నీ హెచ్‌ఐవీ గురించి ఇలా రాస్తున్నాను.

నాలుగో నెలలో నీకు న్యుమోనియా వచ్చింది. ఎంతకీ తగ్గలేదు. నీ మడమ గుచ్చి, రక్తపు చుక్కలు అట్ట మీద ఆరబెట్టి, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకి పంపారు. మామూలు పరీక్ష వెతికేది యాంటీబాడీలని, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసే పదార్థాలని; తల్లివి బిడ్డ ఒంట్లో 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి ఆ వయసులో ఆ పరీక్ష తేల్చి చెప్పలేదు.

పెద్దవాళ్లకి హెచ్‌ఐవీ సోకేటప్పటికి వాళ్ల ఒళ్లు ఎన్నో జబ్బులతో పోరాడి ఉంటుంది. పసిబిడ్డకి ఆ అనుభవమే ఉండదు. జబ్బులతో పోరాటాన్ని నడిపించే సీడీ4 అనే తెల్ల రక్తకణాలు పని నేర్చుకునే రోజుల్లోనే వైరస్ వాటిలో దూరుతుంది. అందుకే పెద్దల్లో ఏళ్లు పట్టే నష్టం పిల్లల్లో నెలల్లో జరిగిపోతుంది. బరువు పెరగరు, మాటా నడకా ఆలస్యమవుతాయి, వేసిన టీకాలు కూడా సరిగా పట్టవు. నీకు తట్టు టీకా మళ్లీ వేయించింది అందుకే. మందు అందకపోతే దాదాపు సగం మంది రెండేళ్లు నిండకుండానే పోతారమ్మా. పసికందులకి లక్షణాల కోసం ఆగకుండా వెంటనే మందు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయని 2008లో దక్షిణాఫ్రికా పరిశోధన తేల్చింది. మీ డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క రోజు కూడా ఆగనివ్వలేదు. ఆవిడకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఇప్పుడు నీ రక్తంలో వైరస్ కనిపించడం లేదంటే పోయిందని కాదు. కొన్ని కణాల్లో నక్కి ఉంది. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది. అప్పుడప్పుడూ మానేస్తూ వేసుకుంటే ఆ మందుకే లొంగకుండా తయారవుతుంది, అది ఇంకా ప్రమాదం. అమ్మ కూడా రోజూ ఇదే మాత్ర వేసుకుంటోంది, నీకు తెలుసు.

ఇంకోటి. ఎవరైనా ఐరన్, కాల్షియం మాత్రలు గానీ గ్యాస్ మందు గానీ ఇస్తే నీ మాత్రతో కలిపి మింగకు. అవి నీ మాత్రలో ఉన్న డోలుటెగ్రావిర్ అనే మందుని ఒంటికి పట్టనివ్వవు. నీ మాత్ర వాటికంటే రెండు గంటలు ముందు వేసుకో, లేదా అవి వేసుకున్నాక ఆరు గంటలు ఆగి వేసుకో.

ఎవరు అడిగినా చెప్పి తీరాలని లేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం చదువులో చేర్చుకోవడానికి హెచ్‌ఐవీ పరీక్ష అడగకూడదు, నీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు.

ఇన్నాళ్లూ నీకు మందులిచ్చిన తాంబరం ఆసుపత్రి నుంచి ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకున్నాను. వచ్చే శనివారం వస్తాను, ఇద్దరం అక్కడి బౌరింగ్ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్దాం. సీసాలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టి చెప్పు.

నాన్న