ఎప్పుడు సోకిందో అడిగిన అబ్బాయి గురించి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చేరింది. మీ కేంద్రానికి పరీక్షకు వచ్చిన ఆ అబ్బాయి పేరు రాయకుండా విషయం మాత్రమే రాశావు, ఎప్పుడూ అలాగే ఉండు. ఆరు నెలల క్రితం హెచ్‌ఐవీ పరీక్షలో నెగెటివ్, ఇప్పుడు పాజిటివ్. అంటే కొత్తగా సోకిందే. "తొందరగా బయటపడింది, అదృష్టవంతుడివి" అని నువ్వంటే అతను కుర్చీ వెనక్కి నెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు తిరిగి వచ్చి, ఎప్పుడు సోకిందో చెప్పే పరీక్ష ఉందట కదా, అది చేయించండి, ఎవరి వల్ల వచ్చిందో తేల్చుకోవాలి అన్నాడు. నువ్వు ఏం చెప్పాలో తెలియక నన్ను అడిగావు. కింద చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న కూడా రాశావు: "నీకు ఎప్పుడూ తెలుసుకోవాలనిపించలేదా అమ్మా?"

ముందు అతని ప్రశ్న చూద్దాం. అలాంటి పరీక్ష ఉన్న మాట నిజం. నువ్వు పలక పట్టిన కొత్తలో బలపం నీ వేళ్లలోంచి జారిపోయేది. కొన్నాళ్లు దిద్దాక నేను లాగినా వదిలేదానివి కాదు. వైరస్ మీదికి శరీరం పంపే యాంటీబాడీలు కూడా అంతే. మొదటి నెలల్లో వాటి పట్టు వదులుగా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ బిగుస్తుంది. ల్యాబులో ఆ పట్టు ఎంత గట్టిదో చూస్తారు. వదులుగా ఉంటే ఇటీవల సోకినట్టు, బిగుసుకుని ఉంటే చాలాకాలం అయినట్టు లెక్క వేస్తారు. కొత్తగా, పాతగా సోకినవారిని ఒక్క రక్తనమూనాతో వేరుచేసే పద్ధతి మొదట 1998లో వచ్చింది. ఆ తర్వాత దానికి మెరుగులు దిద్దారు.

కానీ అది ఒక మనిషి కోసం పుట్టిన పరీక్ష కాదు. వైరస్‌తో జీవిస్తున్నవారు మొత్తం ఎందరన్నది ఒక లెక్క, ఈ మధ్య కొత్తగా ఎందరికి సోకిందన్నది ఇంకో లెక్క. మందులు అందరికీ అందితే మొదటి లెక్క పెరుగుతుంది, ఎందుకంటే మనుషులు బతుకుతారు. నివారణ పనిచేస్తోందో లేదో రెండో లెక్కే చెబుతుంది. ఆ రెండో లెక్క తీయడానికి వేలమంది నమూనాలను కలిపి చూసే సాధనం ఇది. వేలల్లో కొన్ని తప్పులున్నా సరిచేసి లెక్కించవచ్చు. ఒక్కరి విషయంలో జరిగే తప్పును ఎవరు సరిచేస్తారు?

ఒక్క మాట చెబితే నీకే అర్థమవుతుంది. ఈ రోజు నా రక్తాన్ని ఆ పరీక్షకు పెడితే నాకు ఇటీవలే సోకిందని చూపినా చూపవచ్చు. ఏళ్ల తరబడి మందులు వేసుకుని వైరస్ అణిగి ఉన్నవారిలో యాంటీబాడీల పట్టు సడలవచ్చు. వ్యాధి బాగా ముదిరినవారిలోనూ అలా జరగవచ్చు. అందుకే దాంతో పాటు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో కూడా చూస్తారు, మందులు వాడుతున్నారా అని అడుగుతారు. ఇంతా చేసినా తేలేది నెలల లెక్కే కానీ తేదీ కాదు. మనిషి అసలే కాదు. ముప్పై ఏళ్లకు పైగా వైరస్‌తో ఉన్న నన్నే కొత్తదానినని పొరబడగల కాగితం పట్టుకుని, ఒక ఇంట్లో ఎవరు దోషో తీర్పు చెప్పనివ్వకు. ఈ విషయంలో మెత్తగా ఉండకు.

ఇక పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ నిజంగా ఉన్న తేడా. 1991లో నాకొక జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు గొంతునొప్పి, మెడ కింద గోలీల్లా బిళ్లలు, రొమ్ము మీద ఎర్రని దద్దురు. విషజ్వరం అన్నారు. తగ్గింది, మరిచిపోయాను. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి వచ్చే జ్వరం అదేనేమోనని పదేళ్ల తర్వాత వెనక్కి లెక్కపెట్టుకుంటే తట్టింది. ఆ జ్వరం రోజుల్లో ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ పది లక్షలు దాటవచ్చు. అయినా యాంటీబాడీ పరీక్షలో కనపడకపోవచ్చు. ఇప్పటి నాలుగో తరం ల్యాబు పరీక్షలు వైరస్ ముక్కను కూడా వెతుకుతాయి కాబట్టి సోకిన 18 నుంచి 45 రోజుల్లో పట్టేస్తున్నాయి. ఇతరులకు సోకే ముప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉండేదీ ఆ తొలి వారాల్లోనే. తనకు ఉందని తనకే తెలియని సమయం అది. ఆ అబ్బాయికి ఎవరి ద్వారా వచ్చిందో, వాళ్లకూ అప్పటికి తెలియకపోయి ఉండవచ్చు. ఈ మాట అతనికి నిదానంగా చెప్పు.

ఆ కొన్ని వారాల్లోనే పేగుల గోడల్లో ఉండే సీడీ4 కణాలు, అంటే రోగాలతో పోరాటాన్ని నడిపించే తెల్లరక్తకణాలు, పెద్ద ఎత్తున నాశనమవుతాయి. తర్వాత అంతా సద్దుమణిగినట్టు ఉంటుంది. మందులు లేకపోతే ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున పదేళ్లు పడుతుంది. నా విషయంలో ఆ లెక్క తప్పలేదు. 2000లో మీ నాన్న క్షయతో పోయారు. 2001లో నాకు పరీక్ష చేశారు. ఆరోగ్యంగా ఉన్నవారిలో 500 నుంచి 1500 దాకా ఉండే సీడీ4 నాకు 86.

నీకప్పుడు ఏడేళ్లు. నీ రక్తం ఇచ్చి ఫలితం కోసం కూర్చున్న బల్ల నాకింకా గుర్తుంది. నువ్వు నా చీర కొంగుతో ముడులు వేస్తున్నావు. ఏ మందూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే ముప్పు నూటికి 15 నుంచి 45 వరకూ ఉంటుందని తర్వాత చదివాను. కడుపుతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో తల్లికి కొత్తగా సోకితే ముప్పు ఇంకా ఎక్కువ, రక్తంలో వైరస్ ఉప్పొంగుతూ ఉంటుంది కనుక. నీది నెగెటివ్ అన్నారు. కాగితం చేతికిచ్చినా చదవలేకపోయాను, వాళ్లనే మళ్లీ చదవమన్నాను.

2002లో నాకు మొదలుపెట్టిన మందుల్లో స్టావుడిన్ ఒకటి. ప్రాణం నిలిపింది, బుగ్గల్లో కొవ్వు కరిగించింది. నీ పదో తరగతి ఫొటోలో నా ముఖం చూడు, నువ్వు చాలాసార్లు ఆ ఫొటో తిప్పి పెట్టావు. పాదాల్లో సూదులు గుచ్చినట్టుండేది, దుప్పటి తగిలినా ఓర్వలేకపోయేదాన్ని. దాన్ని వదిలించాలని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నాకూ మార్చారు. మంట తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆ అబ్బాయికి ఆ మందు పేరు కూడా తెలియనవసరం లేదు. రోజుకు ఒక మాత్రతో మొదలవుతాడు. సీడీ4 పడిపోయేదాకా ఆగమనే రోజులు పోయాయి. 35 దేశాల్లో 4,600 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2015లో ఆ వాదనకు తెరదించింది. వెంటనే మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బులు, మరణాలు సగానికి పైగా తగ్గాయి. సిద్ధంగా ఉంటే పాజిటివ్ అని తేలిన రోజే మొదలుపెట్టవచ్చు.

నాలాంటివాళ్లకు మిగిలేది వేరే. వైరస్ అణిగినా ఒంట్లో వాపు సన్నగా రగులుతూనే ఉంటుంది. గుండెజబ్బు ముప్పు ఇతరులకంటే సుమారు రెట్టింపు. కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్‌తో ఆ ముప్పు మూడో వంతుకు పైగా తగ్గుతుందని 2023లో తేలింది. అందుకే నా డబ్బాలో రెండో మాత్ర చేరింది. మీ కేంద్రానికి వచ్చే పెద్ద వయసువాళ్లను మాత్ర వేసుకున్నారా అని అడిగి పంపేయకు. గుండె, ఎముకలు, నిద్ర, దిగులు కూడా అడుగు. మందు బాగా వాడుతున్నారని మెచ్చుకుని పంపేస్తే లోపలి బాధ చెప్పుకునే సందు దొరకదు. నాకు చాలా ఏళ్లు దొరకలేదు.

ఒక్క విషయంలో మాత్రం అతనూ నేనూ సమానం. రోజుల్లోనే మందు మొదలుపెట్టినా వైరస్ కొన్ని కణాల్లో దాక్కుని నిద్రపోతుంది. కోతులకు సోకించి మూడో రోజే మందులిచ్చి చూశారు, ఆపాక తిరిగొచ్చింది. ఆ నిద్రపోయే కణాలు సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుంది. తొందరగా మొదలుపెడితే దాక్కునేది తక్కువ, కానీ ఆపే వీలు ఇద్దరికీ లేదు. మందుతో వైరస్ అణిగాక లైంగికంగా ఇతరులకు సోకకపోవడంలోనూ సమానమే. ఒకరికి పాజిటివ్, ఒకరికి నెగెటివ్ ఉన్న 782 పురుష జంటలను గమనించి 2019లో ప్రకటించిన ఫలితాల్లో, మందుతో వైరస్ అణిగిన భాగస్వామి నుంచి సోకిన సందర్భం ఒక్కటీ లేదు. ఆ సున్నా గురించి అతనికి మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. "అదృష్టం" అన్న మాట కంటే అదే అతన్ని కూర్చోబెట్టేది.

ఇక నీ చిన్న అక్షరాల ప్రశ్న. తెలుసుకోవాలనిపించింది తల్లీ. మీ నాన్న పోయాక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆయన వల్ల నాకా, నా వల్ల ఆయనకా అని గుసగుసలాడారు. ఇద్దరు నా ముఖం మీదే అడిగారు. రాత్రులు కూర్చుని నెలలు, సంవత్సరాలు లెక్కపెట్టాను. ఆ జ్వరం ముందా, ఆయన దగ్గు ముందా అని. ఎటు లెక్కపెట్టినా చివరికి ఆయన ఆసుపత్రి మంచం మీద నా చేయి పట్టుకుని "నువ్వు కూడా పరీక్ష చేయించుకో" అన్న మాట దగ్గరే ఆగేది. ఆ మాట వల్లే నేను పరీక్షకు వెళ్లాను, ఆ మాట వల్లే నిన్ను పెంచుకోగలిగాను. ఒకరోజు లెక్క మానేశాను.

ఆ అబ్బాయి తన లెక్క మానేయడానికి కొంత కాలం పడుతుంది. తొందరపెట్టకు. కానీ మందు మొదలుపెట్టడాన్ని ఆ లెక్కతో ముడిపెట్టనివ్వకు. అతను ఒప్పుకుంటే వచ్చే బుధవారం నా రక్తపరీక్షకు వచ్చినప్పుడు అరగంట అతనితో కూర్చుంటాను. ముందే అడిగి నాకు చెప్పు. వద్దంటే మళ్లీ అడగకు, నా ఫోను నంబరు మాత్రం ఇచ్చి ఉంచు.

మీ అమ్మ