మిథైల్‌ఫెనిడేట్ అనంతపురంలోనే దొరికేలా చూడండి

ఔషధ నియంత్రణ అధికారి గారికి నమస్కారాలు.

అర్జీలకు జవాబు రానందున అందరి ముందు రాస్తున్నాం. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, అతి చురుకుగా ఉండే సమస్య) ఉన్న పిల్లలకిచ్చే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్న మందు. ఇలాంటివి అమ్మడానికిచ్చే 20ఎఫ్ లైసెన్సున్న దుకాణమే అమ్మాలి. డాక్టరు చీటీ రెండు ప్రతులుండాలి, అందులో ఒక ప్రతిని దుకాణం రెండేళ్లపాటు భద్రపరచాలి. ఈ కట్టుదిట్టం అవసరమే. ఈ మందువల్ల ఆకలి చచ్చి మధ్యాహ్నం క్యారియర్ అలాగే ఇంటికొస్తుంది, బరువు తగ్గుతుంది, నాడి, బీపీ పెరుగుతాయి, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు.

కానీ మాత్రల కోసం తల్లిదండ్రులు బెంగళూరు బస్సెక్కుతున్నారు. సరుకు అయిపోతుందని, రోజంతా మెల్లగా పనిచేసే మాత్రను నలగ్గొట్టి పంచితే, మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మాకు భయం ఇదే.

పెద్దాసుపత్రి దగ్గర ఒక్క 20ఎఫ్ దుకాణమైనా నెలకు సరిపడా నిల్వ ఉంచేలా 30 రోజుల్లో చూడండి. దాని చిరునామా పిల్లల ఓపీ గోడకు అంటించండి. పరీక్షల ముందు మేలుకోవడానికని విద్యార్థులకు ఈ మాత్రలను చీటీ లేకుండా అమ్మేవారి రిజిస్టర్లు తనిఖీ చేయండి.

ఇట్లు,
ఫార్మసిస్టులు, అనంతపురం