సీటు కింద నీళ్ళ బాటిల్, నా మీద జరిమానా

కడప.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: గత శనివారం నేను మీ యాప్‌లో అద్దెకు తీసుకున్న సెల్ఫ్ డ్రైవ్ కారులోని లోపాలు, నాకు వేసిన రూ. 3,200 జరిమానా గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను మీ దగ్గర సభ్యుడిగా చేరి 14 నెలలైంది. ఇప్పటికి 22 సార్లు కారు తీసుకున్నాను. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర చిన్న జిరాక్స్ షాపు నాది. సొంత కారు కొనే స్తోమత లేదు, కొన్నా పెట్టుకోవడానికి మా సందులో చోటు లేదు. నెలకు ఒకటి రెండుసార్లు ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా పోవాలంటే మీ కారే దిక్కు. ఇంతవరకు ఒక్కసారి కూడా ఆలస్యంగా తిరిగివ్వలేదు. పెట్రోలు ఎన్ని గీతలుంటే అన్ని గీతలకు కొట్టించి పెట్టాను. మీ యాప్‌లోనే ఆ లెక్కంతా ఉంది, చూసుకోవచ్చు.

శనివారం రాయచోటిలో మా పిన్నమ్మ వాళ్ళ గృహప్రవేశం. ఉదయం 9 నుంచి మర్నాడు ఉదయం 9 వరకు బుక్ చేశాను. బస్టాండు దగ్గరున్న మీ పార్కింగ్‌కు 8:40కే వెళ్ళాను. మీ దగ్గర తాళం చెవి ఇచ్చే మనిషి ఉండడు. ఫోన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, అంతే. తలుపు తీయగానే సిగరెట్ కంపు. వెనక సీట్లో చిప్స్ పొట్లాలు, కింద రాగి రంగు మట్టి. నా ముందు సభ్యుడి బుకింగ్ 8:30కి ముగిసిందని యాప్‌లోనే కనిపించింది. అంటే ఆయన దిగినప్పటి నుంచి నేను ఎక్కేదాకా ఆ కారును మీ మనిషి ఒక్కడు కూడా తాకలేదు.

యాప్ అడిగిన ఎనిమిది ఫొటోలూ తీశాను. ముందు, వెనక, రెండు పక్కలు, నాలుగు చక్రాలు. ఎనిమిదీ బయటివే. లోపల ఏముందో మీకు అక్కర్లేదేమో! నేనే అదనంగా లోపలి ఫొటోలు మూడు తీసి, 8:52కి ఫిర్యాదు బటన్ నొక్కి పంపాను. అర నిమిషంలో జవాబు వచ్చింది: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మీ ప్రయాణం హాయిగా సాగాలి." అది మనిషి రాసింది కాదని చిన్న పిల్లలకు కూడా తెలుస్తుంది.

ముందు ఎడమ టైరు కొంచెం కూర్చున్నట్టు అనిపించింది. దారిలో పెట్రోలు బంకులో గాలి చూపిస్తే 21 ఉంది. డోరు పక్కన స్టిక్కర్ మీద 33 అని రాసుంది. బంకు కుర్రాడు గాలి పట్టి, "అన్నా, ఇట్లనే రాయచోటి పోతావుంటివా?" అన్నాడు. పోతూనే ఉన్నాను మరి, మీ మీద నమ్మకంతో.

నా భార్య ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోబోతే బకిల్‌లో ఏదో అడ్డం ఉంది. లాగి చూస్తే ఇనుప క్లిప్పు. బెల్టు పెట్టుకోకున్నా అలారం మోగకుండా బకిల్‌లో దూర్చే క్లిప్పు అది. ఇలాంటివి అమ్మకూడదని 2023లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు ఆర్డర్లు ఇచ్చింది. బెల్టు లేకుంటే ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే కాపాడదు, పైగా అదే మొహానికి దెబ్బ తగిలించే ప్రమాదం ఉంది. అలాంటి క్లిప్పు మీ కారులో ఎన్నాళ్ళ నుంచి ఉందో, ఎంతమంది దానిమీదే కూర్చుని తిరిగారో మీకే తెలియాలి. తెలియదని నాకు గట్టి అనుమానం.

ఇక అసలు విషయం.

గృహప్రవేశం అయ్యాక వీరభద్రస్వామి గుడికి వెళ్ళి, సాయంత్రం కడపకు తిరిగి బయల్దేరాం. గువ్వలచెరువులో ఆగి పాలకోవా తీసుకున్నాం. ఆ దారిన పోతూ పాలకోవా కొనకుండా వచ్చే కడపోడు ఉంటాడా! మా అమ్మ పొట్లం ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది, పక్కన మా పాప. అక్కడి నుంచి కడప వైపు ఘాట్ దిగాలి. ఆ ఘాట్ సంగతి మా జిల్లాలో చెప్పాల్సిన పని లేదు. మలుపు మలుపుకూ లారీలు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మాకు డ్రైవింగ్ నేర్పించినాయన చెప్పేవాడు. నేనూ రెండో గేరులోనే దిగుతున్నాను, స్పీడు 30 దాటలేదు. ముందు ఒక లారీ బ్రేకులు కాలిన వాసన కొడుతూ పోతోంది.

మలుపు దగ్గర లారీ నెమ్మదించింది. బ్రేకు తొక్కాను. పెడల్ సగం దిగి ఆగిపోయింది. ఇంకా గట్టిగా తొక్కితే చెప్పు కింద ప్లాస్టిక్ నలిగిన చప్పుడు. కిందకి చూసే టైము కాదది. లారీ వెనక తలుపు మీద రంగులో వేసిన అక్షరాలు ఒక్కొక్కటే పెద్దవవుతున్నాయి. ఫస్ట్ గేరుకు దించాను, ఇంజన్ కేక పెట్టింది. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండ వైపు మట్టిలోకి దించి ఆపాను. నా భార్య వంగి పెడల్ కింద నుంచి లాగింది. లీటరు నీళ్ళ బాటిల్. మూత గట్టిగా బిగించి ఉంది, సగం పైన నీళ్ళున్నాయి. మేము ఎప్పుడు బయల్దేరినా ఇంటి నుంచి స్టీలు బాటిల్ తెచ్చుకుంటాం. ఇది మాది కాదు. నా సీటు కింద ఎక్కడో ఇరుక్కుని, బండి ముందుకు వాలగానే దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద చేరింది.

"ఏమైందిరా నాయనా?" అంది మా అమ్మ వెనక నుంచి. "ఏం లేదమ్మా, పాలకోవా తిందామని ఆపినా" అన్నాను. ఆమెకు ఈరోజుకీ చెప్పలేదు. పాలకోవా పొట్లం విప్పి మా అందరికీ తలా కొంచెం పెట్టింది. నా చేతులు వణకడం పాప మాత్రం చూసింది.

నా తప్పు కూడా చెబుతాను. సీటు కింద చెయ్యి పెట్టి చూసి ఉండాల్సింది. టైర్లు, అద్దాలు, లైట్లు చూశాను. అక్కడ చూడలేదు. ఇకమీద చూస్తాను. కానీ ఆ బాటిల్ వేసిన మనిషి దిగేటప్పుడు తీసి ఉండాల్సింది. ఆయన తీయకపోతే నేను ఎక్కేలోపు మీ మనిషి తీసి ఉండాల్సింది. ముగ్గురిలో ఏ ఒక్కరం మన పని చేసినా ఆ సాయంత్రం అలా అయ్యేది కాదు. నేను ఒప్పుకుంటున్నాను. మిగతా ఇద్దరి సంగతి?

ఆదివారం ఉదయం 8:40కి కారు తిరిగి పెట్టాను. లోపల గుడ్డతో తుడిచి, చిప్స్ పొట్లాలు, క్లిప్పు, మట్టి తీసేసి, పెట్రోలు కొట్టించి మరీ పెట్టాను. సోమవారం మీ మెసేజ్: కారులో సిగరెట్ వాసన ఉందని క్లీనింగ్ చార్జి రూ. 1,500, వెనక బంపర్ మీద గీతకు రూ. 1,700. నా తర్వాత ఎక్కిన సభ్యుడు ఫిర్యాదు చేశాడట. నేను పుట్టి బుద్ధెరిగి సిగరెట్ ముట్టలేదు. ఆ గీత నేను శనివారం 8:47కి పంపిన వెనక ఫొటోలో స్పష్టంగా ఉంది. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే అమ్మాయి అన్న మాట: "సార్, మీ ముందు కస్టమర్ గీత పడిందని రిపోర్ట్ చేయలేదు. కాబట్టి సిస్టమ్‌లో మీ మీదకే వస్తుంది." ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమెకు ఎదురుగా ఉన్న స్క్రీన్ చదివింది. కానీ ఆ మాటలో ఉన్న తర్కం చూడండి. పాడు చేసినవాడు నేనే చేశానని తన మీద తానే ఫిర్యాదు రాసుకోవాలి. రాసుకోకపోతే, నోరు తెరిచి చెప్పినవాడు కట్టాలి.

ఇలా అయితే రేపటి నుంచి ఫిర్యాదు ఎవరు చేస్తారు? కారు జాగ్రత్తగా వాడేవాళ్ళు మెల్లగా మానుకుంటారు. మీకు మిగిలేది పొట్లాలు పారేసి పోయేవాళ్ళే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా ఊళ్ళో సామెత.

మా తాత కాలంలో శెనక్కాయ పంట ఇంటికి తోలాలంటే ఎద్దుల బండి పక్కింటివాళ్ళను అడిగి తెచ్చుకునేవారు. పని అయ్యాక ఇరుసుకు కందెన పెట్టి, ఎద్దులకు నీళ్ళు పెట్టి, మేత వేసి మరీ కట్టేసి వచ్చేవారు. వాళ్ళు మహా మంచివాళ్ళనేం కాదు. తెల్లారి బావి దగ్గర అదే మనిషి మొహం చూడాలి, అంతే. మీ కారులో నా ముందు మనిషి మొహం నేను చూడను, నా తర్వాతవాడు నా మొహం చూడడు. మధ్యలో ఆ మొహం మీది కావాలి. మా మామ ఆర్టీసీలో డ్రైవరుగా చేశాడు. బండి డిపోకు తెచ్చాక ఏ లోపం ఉన్నా రాసి ఇవ్వాలి, మెకానిక్ చూడాలి, తర్వాతే మరో డ్రైవరు తీయాలి. ఆర్టీసీని ఎంత తిట్టుకున్నా ఆ పద్ధతి వాళ్ళకుంది.

ఇంకొక మాట, నా కేసుకు సంబంధం లేకపోయినా. మీ పార్కింగ్‌లోనే పోయిన నెలలో ఒక కుర్రాడు తన ఫోన్‌తో తలుపు తీసి, స్టీరింగ్ దగ్గర స్నేహితుణ్ణి కూర్చోబెట్టడం చూశాను. లైసెన్సు వివరాలు ఒకరివి, నడిపేది ఇంకొకరు. ఆ స్నేహితుడికి లైసెన్సు లేకపోతే మోటారు వాహనాల చట్టం కింద నడిపినవాడికీ, నడపనిచ్చినవాడికీ చెరి రూ. 5,000 జరిమానా ఉంది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ కుర్రాడి సెల్ఫీ తలుపు తీసేటప్పుడు అడుగుతున్నారు. బండి కదిలేటప్పుడు అడగడం లేదు.

నేను అడిగేవి ఇవి. నాకు వేసిన రూ. 3,200 వెనక్కి ఇచ్చి, నా ఖాతాలో పడిన మచ్చ తీసేయండి. రెండు బుకింగుల మధ్య కనీసం ఒక గంట ఎడం పెట్టి, కడపలో ఒక మనిషిని పెట్టండి. ఆయన టైర్ల గాలి, సీట్ల కింద, బెల్టు బకిళ్ళు చూసి సంతకం పెట్టాకే తర్వాతి సభ్యుడికి తలుపు తెరుచుకోవాలి. ఒక్క మనిషి జీతం ఎంతవుతుందో లెక్క వేసుకోండి. బయల్దేరేముందు పంపిన ఫిర్యాదు మెషీన్‌కు కాకుండా మనిషికి వెళ్ళాలి. ఆ ఎనిమిది ఫొటోలకు తోడు డ్రైవరు కాళ్ళ దగ్గర ఒకటి, బకిల్ దగ్గర ఒకటి తీయమనండి. ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా. నా ముందు సభ్యుడి పేరు నాకు అక్కర్లేదు. ఆయనకు మీరు ఒక ఫోన్ చేసి ఈ బాటిల్ సంగతి చెబితే చాలు. బహుశా ఆయనకు గుర్తు కూడా ఉండదు.

ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం నా ఫిర్యాదు అందిందని మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. సోమవారం రాత్రి యాప్‌లో రాస్తే ఈరోజు శుక్రవారం దాకా అందిందన్న మాట కూడా లేదు. అందుకే ఈ లేఖ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉంటున్న చోటే వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. కేసు వేయాలని నాకు సరదా లేదు, షాపు మూసుకుని తిరగాలి. కానీ వేస్తాను.

ఫొటోలు, మెసేజ్‌లు జత చేశాను. బాటిల్, క్లిప్పు నా షాపులో జిరాక్స్ మిషన్ పక్కన అట్టపెట్టెలో ఉన్నాయి. మీ మనిషిని పంపితే చూపిస్తాను. బాటిల్ మీద నా చెప్పు అచ్చు ఇంకా ఉంది.

ఇట్లు,
మీ సభ్యుడు,
కడప.